కోసేస్తే ఊరుకుంటారు, మారిస్తే ఊరుకోరు: ఫాంటసీ నవల సినిమా అయినప్పుడు పాఠకుల కోపం ఎక్కడిది?

క్లుప్తంగా

పేరున్న ఫాంటసీ నవల సినిమాగా వచ్చిన ప్రతిసారీ ప్రేక్షకులు రెండుగా చీలిపోతారు. పుస్తకం చదివినవాళ్లు "ఇది మేం చదివిన కథ కాదు" అంటారు, చదవనివాళ్లు "బాగానే ఉంది కదా, దేనికింత గొడవ" అంటారు. ఎన్ని సీన్లు తీసేశారు అన్న లెక్కతో ఈ గొడవ అర్థం కాదు. ఒక పాత్ర ఫలానా పని ఎందుకు చేసిందన్న కారణం మారినప్పుడు, ఆ లోకం నడిచే నియమం తప్పినప్పుడు కోపం ఎక్కువ వస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది. నిడివి, నటీనటుల ఎంపిక, స్టూడియో భయాలు, ఆన్‌లైన్ రేటింగులు ఆ కోపానికి తలా ఒక చెయ్యి వేస్తాయి.

ఒకే సినిమా, ఇద్దరు ప్రేక్షకులు

పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు పుస్తకం చదివారు, ఒకరు చదవలేదు అనుకుందాం. చదవని మనిషి తెర మీద ఉన్నది చూస్తాడు. చదివిన మనిషి తెర మీద ఉన్నదాంతో పాటు లేనిదాన్ని కూడా చూస్తుంటాడు, ప్రతి సీనుకీ మనసులో ఇంకో సీను పక్కన పెట్టుకుని. సాహిత్య విమర్శకురాలు లిండా హచియన్ 2006లో రాసిన 'ఎ థియరీ ఆఫ్ అడాప్టేషన్' అనే పుస్తకంలో మూలం తెలిసిన ప్రేక్షకుల్ని, తెలియని ప్రేక్షకుల్ని విడివిడిగా లెక్కలోకి తీసుకోవాలంటుంది. తెలిసినవాళ్లకి అనుసరణ ఒక్క కథగా అందదు. పాత కథ మీద కొత్త కథ రాసినట్టు, కింద ఉన్నది పైకి కనిపిస్తూనే ఉంటుంది.

2004లో వచ్చిన మూడో హ్యారీ పాటర్ సినిమా దీనికి మంచి ఉదాహరణ. పుస్తకంలో స్కూల్లో ఎవరెక్కడున్నారో చూపించే మాయ మ్యాపుని తయారు చేసింది హ్యారీ తండ్రి, ఆయన ముగ్గురు స్నేహితులు. టీచర్ లూపిన్ వాళ్లలో ఒకడు. హ్యారీ పిలిచే రక్షక రూపం మగజింక ఎందుకయిందో కూడా ఆ కథలోంచే తెలుస్తుంది, ఎందుకంటే తండ్రి మారగలిగిన జంతువు అదే. సినిమాలో మ్యాపు ఉంది, జింక ఉంది, ఈ సంబంధం మాత్రం ఎక్కడా విప్పి చెప్పరు. విమర్శకుల్లో చాలామంది ఆ వరసలో దీన్నే మేలైన సినిమా అంటారు, పాఠకుల్లో చాలామంది ఈ ఒక్క లోటునీ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. పాఠకుడికి ఆ సంబంధం ముందే తెలుసు కాబట్టి సినిమా అతనికి అర్థమయ్యింది. అయినా అతను "చదవనివాళ్లకి ఇది ఎలా తెలుస్తుంది?" అని అడుగుతాడు. తనకి అంత ఇష్టమైన విషయం పక్కవాళ్లకి చేరకుండానే పోయిందన్న బాధ అది. అభిమానుల ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ రకానివే, వాటిని మొండితనం అని కొట్టిపారేయడం తప్పు.

నిడివి: తక్కువైనా గొడవే, ఎక్కువైనా గొడవే

స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం. ఇది సినిమావాళ్ల మోటు లెక్క. రెండు గంటల సినిమాకి 120 పేజీలు, అందులోనూ సగం తెల్ల కాగితమే. ఐదారు వందల పేజీల నవల అందులో ఇమడదు, ఏదో ఒకటి పోవాల్సిందే.

టోల్కీన్ రాసిన రెండు నవలలు, పీటర్ జాక్సన్ తీసిన రెండు సినిమా త్రయాలు పక్కపక్కన పెడితే విషయం తేటగా కనిపిస్తుంది. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సుమారు 4,80,000 పదాలు. 2001 నుంచి 2003 దాకా థియేటర్లలో వచ్చిన మూడు సినిమాలు కలిపి 558 నిమిషాలు. అంటే తెర మీద ఒక్కో నిమిషానికి 860 పదాల పుస్తకం. 1937 నాటి 'ద హాబిట్' పిల్లల కోసం రాసిన పుస్తకం, సుమారు 95,000 పదాలు. 2012 నుంచి 2014 దాకా దానికీ మూడు సినిమాలు తీశారు, మొత్తం 474 నిమిషాలు. నిమిషానికి 200 పదాలే. పుస్తకం ఐదో వంతు, సినిమా మాత్రం దాదాపు అంతే.

నిడివి పెరిగితే పాఠకులు సంతోషించాలి కదా, జరిగింది దానికి వ్యతిరేకం. మిగిలిన టైముని పుస్తకంలో లేని టారియెల్ అనే పాత్రతో, ఒక ప్రేమకథతో, ఆ నవలలో ఎక్కడా కనబడని లెగొలాస్‌తో నింపాల్సి వచ్చింది. రెండు భాగాలుగా మొదలైన పనిని 2012 జూలైలో, మొదటి సినిమా రిలీజుకి ఐదు నెలల ముందు మూడు భాగాలు చేస్తున్నామని ప్రకటించారు. ఒక చిన్న, చురుకైన ప్రయాణ కథ భారీ యుద్ధగాథ బరువు మోయాల్సి వచ్చింది. పైగా సెకనుకి 24 ఫ్రేములకి బదులు 48 ఫ్రేములతో చూపించేసరికి, కొంతమందికి ఆ లోకం సెట్టింగుల్లా, మేకప్ తెలిసిపోతున్నట్టు అనిపించింది. అది కథతో సంబంధం లేని ఫిర్యాదే గానీ, చూసేవాళ్లు అన్నిటినీ కలిపే మోస్తారు.

కాబట్టి "టైము సరిపోలేదు" అనే వివరణ సగమే నిజం.

టామ్ బాంబడిల్, ఫారమిర్: ఒక కోత, ఒక మార్పు

జాక్సన్ మొదటి త్రయంలోనే రెండు నిర్ణయాల్ని పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

మొదటిది టామ్ బాంబడిల్. పుస్తకం మొదట్లో కొన్ని అధ్యాయాల పాటు కనిపించే విచిత్రమైన మనిషి, అందరినీ లొంగదీసుకునే దుష్ట ఉంగరం ప్రభావం అసలు లేనివాడు. సినిమాలో అతను లేనే లేడు. ఉంగరం కథని అతను ముందుకి తీసుకెళ్లడన్నది జాక్సన్ చెప్పిన కారణం. పాఠకుల్లో ఈ కోత గురించి బెంగ ఉంది, కానీ "సరే, అర్థం చేసుకోగలం" అన్నవాళ్లే ఎక్కువ. నిజానికి ఈ కోత వల్ల ఒక తీగ తెగింది కూడా. బాంబడిల్ కాపాడాక సమాధుల దిబ్బలో దొరికిన పాత కత్తితోనే మెర్రీ అనే హాబిట్ (పొట్టి జాతివాడు) చివర్లో మంత్రగాళ్ల రాజుని పొడుస్తాడు, ఆ కత్తి ప్రత్యేకంగా ఆ శత్రువు మీదకే చేసినది కాబట్టే ఆ దెబ్బ పనిచేస్తుంది. సినిమాలో ఆ కత్తుల్ని ఆరగార్న్ అనే యోధుడు దారిలో ఊరికే పంచిపెడతాడు. ఇంత తేడా ఉన్నా దీని మీద పెద్ద యుద్ధం జరగలేదు.

రెండోది ఫారమిర్. నవలలో, ఉంగరాన్ని నాశనం చేయడానికి బయల్దేరిన ఫ్రోడో దగ్గర అది ఉందని తెలిసినప్పుడు కూడా ఫారమిర్ దానికి చెయ్యి చాపడు. దారిలో పడి ఉన్నా దాన్ని తీసుకోనని చెప్పి, ఆ మాట నిలబెట్టుకుని వదిలేస్తాడు. అన్న బొరొమిర్ ఉంగరం ఆశకి లొంగి ఎక్కడ పడిపోయాడో తమ్ముడు అక్కడ నిలబడ్డాడన్నది ఆ అధ్యాయం బలం. తన పాత్రల్లో ఎవరైనా తనలా ఉన్నారంటే అది ఫారమిరే అని టోల్కీన్ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. 2002 నాటి 'ద టూ టవర్స్' సినిమాలో మాత్రం ఫారమిర్ ఉంగరాన్ని తండ్రి దగ్గరికి చేర్చాలని ఫ్రోడోని బందీగా ఒస్గిలియాత్ నగరం దాకా లాక్కెళ్తాడు. చివరికి మనసు మార్చుకుని వదిలేస్తాడు.

ఇద్దరు ఫారమిర్లూ చివర్లో చేసే పని ఒకటే. ఫ్రోడో వెళ్లిపోతాడు, కథ ముందుకి పోతుంది, దారి కూడా పెద్దగా మారలేదు. బాంబడిల్ విషయంలో కొన్ని అధ్యాయాలే మాయమైతే ఇక్కడ మారింది ఒక మనిషి తీసుకున్న నిర్ణయం, అదీ కొద్దిసేపు. అయినా ఇరవై ఏళ్లు దాటినా పాఠకులు ఎత్తిచూపే ఫిర్యాదుల్లో ఇది ముందుంటుంది.

సినిమా రాసినవాళ్ల వైపు కారణాలు లేకపోలేదు, అవి గట్టివే. మొదటి సినిమా అంతా ఉంగరం ఎవరినైనా లొంగదీసుకుంటుందని చూపిస్తూ వచ్చారు, మాంత్రికుడు గండాల్ఫ్ కూడా దాన్ని ముట్టుకోవడానికి భయపడ్డాడు. అలాంటప్పుడు ఒకడొచ్చి "నాకు అక్కర్లేదు" అనేస్తే, చదవని ప్రేక్షకుడికి ఉంగరం మీద భయం చప్పున చల్లారిపోతుందని రచయితల్లో ఒకరైన ఫిలిప్పా బోయెన్స్, జాక్సన్ వివరించారు. ఇంకో ఇబ్బంది కట్టడానిది. పుస్తకం రెండో భాగం చివర వచ్చే షెలోబ్ సాలీడు ఘట్టాన్ని మూడో సినిమాకి జరిపారు, దాంతో రెండో సినిమాలో ఫ్రోడో కథకి క్లైమాక్స్ లేకుండా పోయింది. ఒస్గిలియాత్ ఆ ఖాళీని నింపింది.

పేజీలో ఫారమిర్ ఎందుకు లొంగలేదో చెప్పడానికి టోల్కీన్‌కి సంభాషణ ఉంది, నెమ్మది ఉంది, రెండు అధ్యాయాల చోటు ఉంది. తెర మీద ఒక మనిషి ఏదో చేయకుండా ఉండటం చూపించడం చాలా కష్టం, చేయబోయి ఆగడం చూపించడం సులువు. సినిమాకి పనికొచ్చేది మార్పు, నవలకి పనికొచ్చింది స్థిరత్వం. అక్కడ వచ్చింది చిక్కు. తర్వాత వచ్చిన పొడిగించిన వెర్షన్లో తండ్రి, అన్న కలిసి ఉన్న ఒక పాత సంఘటన చేర్చారు, ఫారమిర్ తండ్రి మెప్పు కోసం ఎంత అల్లాడుతున్నాడో అందులో తెలుస్తుంది. ఆ సీను చూశాక కొంతమంది పాఠకులు మెత్తబడ్డారు. వాళ్లని మెత్తబరిచింది కారణం దొరకడమే, చివరి ఫలితం ఏమీ మారలేదు.

కోతలన్నీ క్షమిస్తారని కూడా కాదు. పుస్తకం చివర హాబిట్లు ఇంటికి తిరిగొచ్చేసరికి వాళ్ల ఊరు షైర్ కూడా నాశనమై ఉంటుంది, దాన్ని వాళ్లే విడిపించుకోవాలి. సినిమా ఈ అధ్యాయాన్ని వదిలేసింది. తీసేయడమే అయినా దాంతో కథ చెప్పే మాటే మారిపోయింది, ఎందుకంటే యుద్ధం ఏ ఇంటినీ వదలదన్న మాట పోయి, ఊరు చెక్కుచెదరలేదన్న మాట వచ్చింది. అందుకే ఈ కోత మాత్రం బాంబడిల్ కోతలా సర్దుకుపోలేదు.

విచిత్రంగా ఈ తేడాని టోల్కీన్ ముందే పట్టుకున్నాడు. 1958లో తన నవల మీద ఒకరు తయారు చేసిన సినిమా కథాప్రణాళిక చదివి ఆయన రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఉంది. మూలం గుండెకాయ ఎక్కడుందో తెలియకపోవడం వల్లే అతిశయోక్తి, అనవసరమైన చేర్పులు వచ్చి పడతాయని, చెడ్డ సినిమాలు అలాగే చెడతాయని అందులో అంటాడు. చోటు చాలకపోతే ఎంట్లనే చెట్ల మనుషుల్ని ఉంచి హార్న్‌బర్గ్ కోట దగ్గరి యుద్ధాన్ని తీసేయమని కూడా చెప్పాడు, ఆ యుద్ధం అసలు కథకి పక్కదేనట. జాక్సన్ సరిగ్గా ఆ యుద్ధాన్నే రెండో సినిమాకి నడుం చేశాడు, జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మూడో సినిమాకి 11 నామినేషన్లు వస్తే 11 ఆస్కార్లూ వచ్చాయి. రచయిత లెక్క, ప్రేక్షకుల లెక్క ఎప్పుడూ ఒకటి కావని దీంతో తేలుతుంది.

"ప్రశాంతంగా అడిగాడు"

కథలో ఒక్క సంఘటన కూడా మార్చకుండా కోపం తెప్పించవచ్చు. నాలుగో హ్యారీ పాటర్ నవలలో, పోటీదారుల పేర్లు తీసే మంత్రపు గిన్నెలోంచి హ్యారీ పేరు వచ్చాక హెడ్మాస్టర్ డంబుల్డోర్ అతన్ని ప్రశాంతంగా అడుగుతాడు, నీ పేరు నువ్వే వేశావా అని. 2005 సినిమాలో అదే ప్రశ్న. కానీ డంబుల్డోర్ పరుగెత్తుకొచ్చి, పిల్లాడి భుజాలు పట్టుకుని కుదిపేస్తూ గట్టిగా అడుగుతాడు. ఈ ఒక్క షాట్ అభిమానుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

అంత చిన్న విషయానికి అంత కోపమా అనిపించవచ్చు. కానీ పుస్తకాల్లో డంబుల్డోర్ మీద నమ్మకం చాలావరకు ఆయన గొంతు ఎత్తకపోవడం మీదే నిలబడింది. అందరూ కంగారు పడ్డచోట ఆయన పడడు, అందుకే పిల్లలు ఆయన్ని నమ్ముతారు. ఆ మనిషి కంగారు పడితే చదివినవాడికి సీను మాత్రమే చెడదు, మనిషే మారిపోతాడు. అదే సినిమా వరసలో పీవ్స్ అనే అల్లరి దెయ్యం పూర్తిగా లేదు, రిక్ మేయల్‌తో మొదటి సినిమాకి సీన్లు తీసి మరీ తీసేశారు. దాని మీద విచారమే ఉంది, కోపం లేదు.

లోకం నియమం తప్పితే

ఫాంటసీలో దయ్యాలు, మంత్రాలు, ఎగిరే గుర్రాలు ఏవైనా నమ్ముతాం, ఒక్క షరతు మీద. ఆ లోకం తన నియమాన్ని తాను తప్పకూడదు. మామూలు సాంఘిక నవలని సినిమా చేస్తే నియమాలు బయటి ప్రపంచం నుంచి వస్తాయి, ఏదైనా తేడా వచ్చినా ప్రేక్షకుడే సర్దుకుంటాడు. ఫాంటసీకి ఆ ఊతం లేదు. నియమాలన్నీ పుస్తకమే కట్టింది, కాబట్టి ఒకటి కదిలిస్తే ఇంకెక్కడో కూలుతుంది.

పెర్సీ జాక్సన్ సంగతే చూడండి. 2005 నవలలో కథ మొదలయ్యేసరికి పెర్సీకి 12 ఏళ్లు. మొత్తం ఐదు పుస్తకాల కథ ఒక జోస్యం మీద నడుస్తుంది, దేవతల పిల్లవాడు 16 ఏళ్లు నిండేసరికి లోకం తలరాత తేలుతుందని. అంటే వయసే గడియారం. 2010 సినిమాలో హీరోని హైస్కూలు కుర్రాడిని చేశారు, టీనేజ్ ప్రేక్షకుల కోసం. దాంతో గడియారం మొదటి సినిమాకే మోగిపోవాలి. 2013లో వచ్చిన రెండో భాగంలో జోస్యంలోని వయసుని 20కి జరపాల్సి వచ్చింది. ఈ వయసు మార్పు వద్దని షూటింగుకి ముందే నిర్మాతలకి తాను రాసిన ఉత్తరాల్ని రచయిత రిక్ రయర్డన్ 2018లో బయటపెట్టాడు. మూడో సినిమా రాలేదు.

మనసులో బొమ్మ, పేజీలో మాట

నటీనటుల పేర్లు ప్రకటించిన రోజే మొదలయ్యే గొడవ ఇంకొకటి. వుల్ఫ్‌గాంగ్ ఈజర్ అనే జర్మన్ సాహిత్య విమర్శకుడు 1970ల మొదట్లోనే దీని గురించి రాశాడు. పుస్తకం ఏ పాత్రనీ పూర్తిగా వర్ణించదు, ఖాళీలు వదులుతుంది, పాఠకుడు తనకి తెలియకుండానే వాటిని నింపుకుంటాడు. సినిమా ఒక్క ముఖం చూపించి ఆ ఖాళీలన్నీ మూసేస్తుంది. నచ్చని ముఖం అయినందుకు కాదు, ఊహించుకునే పని చేతుల్లోంచి లాగేసుకున్నట్టు ఉంటుంది. అందుకే ఎంత మంచి నటుడైనా మొదట్లో కొంత ప్రతిఘటన తప్పదు, సినిమా బాగుంటే అది కరిగిపోతుంది కూడా. కొన్నాళ్లకి పుస్తకం మళ్లీ తీస్తే ఆ నటుడే కనిపిస్తాడు, మొదటి ముఖం గుర్తు రాదు.

కానీ పాఠకుడు ఊహించుకున్నది వేరు, రచయిత స్పష్టంగా రాసింది వేరు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్ల చాలా వాదనలు దారి తప్పుతున్నాయి. అర్సులా లీ గ్విన్ 1968 నవల 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో హీరో గెడ్ ఎర్రటి గోధుమ రంగు మనిషి, ఆ ద్వీపాల్లో ఎక్కువమంది నల్లగానో చామనఛాయగానో ఉంటారు. అది ఆమె కావాలని చేసిన ఎంపిక, అప్పటి ఫాంటసీ హీరోలంతా తెల్లవాళ్లే అయిన రోజుల్లో. 2004లో ఒక అమెరికన్ టీవీ ఛానల్ తీసిన మినీ సిరీస్‌లో గెడ్‌ని తెల్లవాడిని చేశారు. లీ గ్విన్ ఊరుకోలేదు, అది ప్రసారమైన నెలలోనే తన పుస్తకానికి తెల్ల సున్నం కొట్టారని బహిరంగంగా వ్యాసం రాసింది. "నేను అనుకున్నట్టు లేడు" అనే మామూలు ఫిర్యాదుతో దీన్ని కలపకూడదు. ఇక్కడ దెబ్బ తిన్నది పేజీ మీద ఉన్న మాట.

కథ చెప్పే గొంతు పోతే ఏం పెట్టాలి

ఫాంటసీ నవలల్లో చాలావాటికి అసలు అందం కథకుడి గొంతులో ఉంటుంది. అతని చమత్కారం, పక్కకి తిరిగి పాఠకుడితో చెప్పే మాటలు, అవన్నీ కెమెరా ముందుకి వచ్చేసరికి ఆవిరైపోతాయి. ఎవరో వెనక నుంచి చదివి వినిపిస్తే అది అతుకులా ఉంటుంది.

విలియం గోల్డ్‌మన్ 1973లో రాసిన 'ద ప్రిన్సెస్ బ్రైడ్' దీనికి దొరికిన మంచి జవాబు. ఆ నవల ఒక నాటకం ఆడుతుంది. ఎస్. మార్గన్‌స్టెర్న్ అనే లేని రచయిత రాసిన లావుపాటి గ్రంథంలోంచి బోరు కొట్టే భాగాలు తీసేసి మంచి భాగాలే ఇస్తున్నానని గోల్డ్‌మన్ మధ్యమధ్యలో దూరి చెబుతుంటాడు. దీన్ని తెర మీద ఉన్నదున్నట్టు చూపించడం కుదరదు. 1987 సినిమాకి స్క్రిప్టు రాసింది కూడా గోల్డ్‌మనే, అతను ఆ చట్రాన్ని చాలావరకు పీకేసి, జ్వరంతో పడుకున్న మనవడికి తాతయ్య పుస్తకం చదివి వినిపించడం పెట్టాడు. మనవడు మధ్యలో ఆపుతాడు, ముద్దు సీన్లు వద్దంటాడు, హీరో చచ్చిపోతాడేమోనని భయపడతాడు. వివరంగా చూస్తే ఇది పెద్ద మార్పే. కానీ ఆ గొంతు నవలలో చేసిన పని, అంటే కథలో మునిగినవాడిని మెల్లగా బయటికి లాగి నవ్వించి మళ్లీ లోపలికి తోయడం, సినిమాలో తాతయ్య చేస్తాడు. పాఠకులు దీని మీద నొచ్చుకోలేదు. థియేటర్లలో ఓ మోస్తరుగా ఆడి, తర్వాత వీడియో క్యాసెట్లతో ఇంటింటి సినిమా అయింది.

ఫారమిర్ మార్పుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ పని అలాగే ఉండి కారణం మారింది. ఇక్కడ రూపం మారి పని అలాగే ఉంది.

స్టూడియో భయాలు

ఫాంటసీ తీయడం ఖరీదైన వ్యవహారం. ఖర్చు పెరిగేకొద్దీ చదవని ప్రేక్షకులు మరింత మంది కావాలి, వాళ్లని దూరం చేసేది ఏదైనా ఎడిటింగులో మొదట బలి అవుతుంది. 2007లో వచ్చిన 'ద గోల్డెన్ కంపాస్' ఇందుకు పాఠంలాంటిది. ఫిలిప్ పుల్‌మన్ 1995 నవలలో మతాధికారం మీద విమర్శ సూటిగా ఉంటుంది, సినిమాలో దాన్ని బాగా పలచన చేశారు. అమెరికాలో ఒక కాథలిక్ సంస్థ అయినా బహిష్కరణకి పిలుపునిచ్చింది. అంటే మెత్తబరిచినందుకు పాఠకులు నొచ్చుకున్నారు, అభ్యంతరపెట్టేవాళ్లూ శాంతించలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ ముగింపు. పుస్తకం చివర హీరోయిన్ లైరా తన స్నేహితుడిని కాపాడుకోబోయి, తెలియకుండానే వాడిని చావు దగ్గరికి చేరుస్తుంది. కథకి అదే వెన్నెముక. ఆ భాగాన్ని చిత్రీకరించారు కూడా, తర్వాత రెండో సినిమాలో పెడదామని తీసేసి, ఆశతో ఎగిరిపోయే సీనుతో ముగించారు. సుమారు 18 కోట్ల డాలర్ల సినిమాకి అమెరికాలో 7 కోట్లు వచ్చాయి. ప్రపంచమంతా కలిపితే 37 కోట్లు దాటింది గానీ, విదేశీ హక్కుల్ని ముందే అమ్మేసుకున్న నిర్మాణ సంస్థకి ఆ లాభం చేరలేదు. రెండో సినిమా రాలేదు, ముగింపు ఎప్పటికీ రాలేదు. పుస్తకం తెలిసినవాళ్లకి అది సగంలో ఆగిన సినిమా, తెలియనివాళ్లకి ఎందుకో తేలిపోయిన సినిమా.

కాలం గడిస్తే

కోపం ఎన్నాళ్లుంటుందన్నది సినిమాని ఎవరు ముందు చూశారన్న దాని మీద ఆధారపడుతుంది. 1900 నాటి ఓజ్ నవలలో హీరోయిన్ డొరొతీవి వెండి బూట్లు, 1939 సినిమాలో టెక్నికలర్‌లో మెరవడం కోసం కెంపు రంగు చేశారు. బూట్లు చిన్న విషయమే. పుస్తకంలో ఓజ్ నిజమైన దేశం, సినిమాలో అంతా కల. ఇందాకటి లెక్క ప్రకారం క్షమించరాని మార్పు ఇది. అయినా 1956లో టీవీకెక్కినప్పటి నుంచి తరాల పిల్లలు సినిమానే ముందు చూశారు, వాళ్లకి మూలం అదే అయిపోయింది.

మైకేల్ ఎండే 1979 నవల 'ద నెవర్‌ఎండింగ్ స్టోరీ'ది కూడా ఇలాంటి కథే. 1984 సినిమా పుస్తకంలో మొదటి సగంతోనే ఆగుతుంది. కోరికలు తీరేకొద్దీ జ్ఞాపకాలు పోగొట్టుకునే పిల్లవాడి కథ, అంటే పుస్తకం నిజంగా చెప్పాలనుకున్నది రెండో సగంలో ఉంది. ఎండే కోర్టుకెళ్లి ఓడిపోయాడు, మొదటి టైటిల్స్‌లో తన పేరు లేకుండా చేయించుకున్నాడు. చిన్నప్పుడు ఆ సినిమా చూసినవాళ్లు మాత్రం దాన్ని ఇప్పటికీ గుండెలకి హత్తుకునే ఉంటారు. ఇద్దరిదీ నిజమే.

రచయిత మెచ్చితే గొడవ తగ్గుతుందా అంటే, కొంత. డయానా విన్ జోన్స్ 1986 నవల 'హౌల్స్ మూవింగ్ కాజిల్'ని హయావో మియజాకి 2004లో సినిమా చేసినప్పుడు, పుస్తకంలో పక్కన ఎక్కడో ఉన్న యుద్ధాన్ని కథ మధ్యకి తెచ్చాడు. జోన్స్‌కి ఆ సినిమా నచ్చింది. రెండేళ్ల తర్వాత మియజాకి కొడుకు గోరో ఎర్త్‌సీ కథలతో సినిమా తీస్తే, ఇది నా పుస్తకం కాదు, మీ సినిమా, మంచి సినిమా అని లీ గ్విన్ అతనితో అంది, తర్వాత తన అసంతృప్తిని వివరంగా రాసింది కూడా.

రేటింగులు చెప్పనిది

ఆన్‌లైన్ స్కోరు చూసి ప్రేక్షకుల మాట ఇదీ అనేయడం కష్టం. మొదటి రోజుల్లో రాసేవాళ్లు ఎక్కువగా పుస్తకం మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లో, సినిమా చూడకుండానే ఏదో కక్షతో వచ్చినవాళ్లో అయ్యుంటారు. రాటెన్ టొమాటోస్ 2019లో టికెట్ కొన్నట్టు ధ్రువీకరించిన ప్రేక్షకుల స్కోరుని వేరు చేయడం, 2022లో 'ద రింగ్స్ ఆఫ్ పవర్' సిరీస్‌కి అమెజాన్ సమీక్షల్ని 72 గంటలు ఆపి పరిశీలించడం, రెండూ ఈ చిక్కుకి పుట్టిన ఉపాయాలే. వాటికీ ఒక నష్టం ఉంది. కారణం చూపించి అడిగే పాఠకుడు, తిట్టిపోసేవాడు ఒకే సంఖ్యలో కలిసిపోతారు, ఆ సంఖ్యని చూపించి స్టూడియో ఇద్దరినీ పక్కన పెట్టేయగలదు.

సిరీస్ తీస్తే తీరుతుందా

ఈ అనుభవాలతో పరిశ్రమ నెమ్మదిగా సినిమా నుంచి సిరీస్ వైపు జరిగింది. పుల్‌మన్ త్రయం 2019 నుంచి 2022 దాకా మూడు సీజన్లుగా వచ్చింది, లైరా చేసే ఆ పొరపాటు మొదటి సీజన్ చివర ఉండాల్సిన చోటే ఉంది. పెర్సీ జాక్సన్ 2023 డిసెంబర్లో మళ్లీ మొదలైంది, ఈసారి రయర్డన్ చెయ్యి ఉంది, హీరో 12 ఏళ్లవాడే. హ్యారీ పాటర్ నవలల్ని కూడా సిరీస్‌గా తీస్తున్నట్టు 2023లోనే ప్రకటించారు. పీవ్స్‌కి, మ్యాపు వెనక కథకి ఇందులో చోటు దొరకొచ్చు.

అయితే గంటలు పెరిగినంత మాత్రాన ఫారమిర్ సమస్య పోదు. 2021లో మొదలైన 'ద వీల్ ఆఫ్ టైమ్' సిరీస్‌కి మొదటి సీజన్లోనే ఎనిమిది ఎపిసోడ్లు ఉన్నాయి. మొదటి ఎపిసోడ్లోనే పెర్రిన్ అనే కుర్రాడికి పుస్తకంలో లేని భార్యని ఇచ్చి, పోరాటంలో పొరపాటున ఆమె అతని చేతిలోనే చనిపోయేలా రాశారు. హింస పట్ల అతనికున్న భయం తెర మీద వెంటనే తెలియాలని ఆ ఆలోచన. నవలలో ఆ భయం తన బలం వల్ల ఎవరికైనా దెబ్బ తగులుతుందేమోనని చిన్నప్పటి నుంచి జాగ్రత్తగా మెలిగిన మనిషి స్వభావంలోంచి వస్తుంది, ఎవరినీ చంపాల్సిన పని లేకుండానే. అక్కడ టైము కొరత అనే వాదన నిలవదు, ఆ స్వభావాన్ని చూపించడానికి ఎనిమిది గంటలు ఉన్నాయి. మూడు సీజన్ల తర్వాత 2025లో సిరీస్ ఆగిపోయింది, ఆ మొదటి ఎపిసోడ్ మీద పాఠకుల వాదన మాత్రం ఇంకా నడుస్తోంది.